తల్లిలేని గున్నలు

గోదావరి సముద్రమును చేరబోవు చోట, వసిష్ఠ వైనతేయ పాయల నడుమ, రాజోలు సీమ కలదు. కొబ్బరితోటలును, వరిచేలును, కాలువలును, లంకలును నిండిన ఆ సీమలో అడవి లేదు. అడవి లేని చోట ఏనుగు లేదు. అచ్చటి పిల్లలు ఏనుగును మొదట పెద్దల నోట కథగా విందురు. మకరి నోట చిక్కిన గజేంద్రుడు మొరపెట్టగా శ్రీహరి పరుగున వచ్చి కాచిన కథను పోతన తెలుగువారికి ఇచ్చిపోయెను. ఆ కథ వినని తెలుగు బిడ్డ అరుదు. వినిన బిడ్డలు మొసలి ఎంత పెద్దదని అడుగుదురు. చక్రము ఎట్లు తిరిగెనని అడుగుదురు. రాజోలునకు సమీపమున ఒక పల్లెలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక మాత్రము తన తాతగారిని వేరొక ప్రశ్న అడిగెను.

"తాతయ్యా! మకరి పట్టినది ఏనుగుల రాజును. ఒక తల్లియేనుగును పట్టియుండినచో, విష్ణుమూర్తి రాకపోయినచో, దాని పిల్ల ఏమగును?"

తాతగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఊరివారు ఆయనను నేటికిని మాస్టారనియే పిలుతురు. భాగవతము ఆయనకు కొట్టినపిండి. అయినను ఆ ప్రశ్నకు ఆయన వద్ద సమాధానము లేకపోయెను. ప్రశ్న ఎచ్చటినుండి పుట్టెనో మాత్రము ఆయనకు తెలియును.

అది 2024వ సంవత్సరము. ఆ ఏడు వానలు మొదలైన దినములలో వారి ఇంటి గేదె పాముకాటుతో చనిపోయెను. ఇరువది దినముల పెయ్యదూడ మిగిలెను. పొరుగింటి పాడిగేదె వద్ద దానిని కుడుపజూచిరి. ఆ గేదె తన్ని త్రోసెను. దూడ చచ్చిన గేదెను చేపించుటకు ఆ దూడ తోలులో గడ్డి కూర్చి ఎదుట నిలుపుట పల్లెలలో పూర్వమునుండి ఉన్న ఉపాయమే. కాని తల్లి చచ్చిన దూడను నమ్మించుటకు అట్టి ఉపాయము ఎవ్వరికిని తోచలేదు. తుదకు బాలికయే పాలపీక అమర్చిన సీసాతో దానికి పాలు పట్ట మొదలిడెను. మొదట చేతివ్రేలు నాకించి, పిమ్మట పీకను నోటనుంచి, రాత్రులు పాకలో లాంతరు పెట్టుకొని కూర్చుండి, మెల్లమెల్లగా దానిని బ్రతికించెను. మూడు నెలలు గడచుసరికి దూడ ఆమె అడుగుల చప్పుడు గుర్తించి లేచి నిలుచుండెడిది. ఇతరులు సీసా పట్టినచో ముఖము త్రిప్పుకొనెడిది.

బాలిక మేనమామకు లంకలో ఎనిమిది గేదెల మంద కలదు. దూడను ఆ మందలో చేర్చుట మేలని తండ్రి పలుమారు చెప్పెను. "నేను లేనిచో ఇది త్రాగదు" అని బాలిక బదులు చెప్పెడిది. ఆ మాటలో జాలి ఎంత యుండెనో గర్వమును అంత యుండెను. మాస్టారు దానిని గమనించి ఊరకుండిరి.

దసరా సెలవులు వచ్చినవి. మాస్టారు మనుమరాలిని వెంటబెట్టుకొని నీలగిరులకు ప్రయాణము కట్టిరి. అచ్చట ముదుమలై అడవిలో, తెప్పకాడు అను చోట, అటవీశాఖవారి ఏనుగుల శిబిరము కలదు. తల్లిని కోల్పోయిన గున్నలను అచ్చట పెంచుదురు. ఆ శిబిరములో రఘు, అమ్ము అను రెండు గున్నలను పెంచిన బొమ్మన్, బెల్లి దంపతులను గూర్చి కార్తికి గొన్సాల్వెస్ అను యువతి 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అను చిన్న చిత్రమును తీసెను. 2023 మార్చిలో దానికి ఆస్కారు బహుమానము లభించెను. నాటినుండి తెప్పకాడు పేరు దేశదేశములకు తెలిసినది. మాస్టారు దానిని పత్రికలలో చదివియుండిరి. ఇంటనే యుండి భాగవతము తిరుగవేసిన దొరకని సమాధానము అచ్చట దొరకవచ్చునని ఆయన తలంచిరి.

బాలిక మొదట రానని మొండికేసెను. దూడకు తాను పాలు పట్టుదునని తల్లి నచ్చజెప్పిన తరువాత కదలెను. చించినాడ వంతెన మీదుగా వసిష్ఠను దాటి పాలకొల్లు చేరి, రైలెక్కి, చెన్నపట్టణము మీదుగా కోయంబత్తూరులో దిగిరి. అచ్చటినుండి కొండదారి. కొబ్బరిచెట్లు వెనుకబడి పోకచెట్లు వచ్చెను. అవియు వెనుకబడి తేయాకు తోటలు వచ్చెను. ఉదకమండలము దాటి గూడలూరు చేరునప్పటికి ఇంటినుండి ఫోను వచ్చెను. దూడ నిన్న సాయంకాలమునుండి సీసా ముట్టలేదు.

బాలిక ముఖము పాలిపోయెను. "తాతయ్యా, వెనుకకు పోవుదము" అని ఏడ్చెను.

"ఈ గడియలో బయలుదేరినను ఇల్లు చేరుటకు రెండు దినములు పట్టును, తల్లీ! ఆ రెండు దినములు అది ఎట్లును మీ అమ్మ చేతిలోనే యుండవలెను. వచ్చిన పని చూచుకొని పోవుదము. ఈ అడవిలో తల్లిలేని పిల్లకు పాలు త్రాగించు విద్య ఎరిగినవారు కలరు. వారిని అడిగి తెలిసికొందము" అని మాస్టారు అనునయించిరి.

సాయంకాలమునకు వారు తెప్పకాడు చేరిరి. మోయారు నది రాళ్లమీదుగా పారుచుండెను. ఒడ్డున పొడవైన వంటపాక. దాని లోపల పెద్ద పెద్ద పాత్రలలో రాగిపిండి, ఉలవలు, బియ్యము ఉడుకుచుండెను. పనివారు ఉడికినదానిని రాతిబండమీద పోసి, ఉప్పును బెల్లమును కలిపి, పెద్ద ముద్దలుగా చేయుచుండిరి. రాయలసీమ ఇంట రాగిసంకటి ముద్ద చేయు తీరుననే యుండెను. ముద్ద మాత్రము తలకాయంత యుండెను. ఏ ఏనుగునకు ఏ పదార్థము ఎంత పెట్టవలెనో పశువైద్యుడు నిర్ణయించును. ఏనుగులు వరుసగా నిలిచి నోరు తెరచినవి. మావటివారు ముద్దలను నేరుగా నోటిలోనే పెట్టుచుండిరి.

చూడవచ్చినవారిని ఒక హద్దుకు ఈవల నిలిపి, వారిని కనిపెట్టుచున్న అటవీశాఖ కాపలాదారు ఒకడు వీరి తెలుగు మాటలు విని దగ్గరకు వచ్చెను. అతనిది హోసూరు ప్రాంతము. ఆ సీమలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా ఉన్నవి. మాస్టారు ఉపాధ్యాయుడని తెలిసి అతడు చేతులు జోడించెను.

"అయ్యవారూ! అంత దూరమునుండి ఈ పాపను తీసికొని వచ్చితిరా! రఘు మా సీమవాడే. 2017లో హోసూరు ప్రక్క అడవిలో దొరకెను. తల్లి కరెంటు తగిలి చచ్చినది. అమ్ము సత్యమంగళము అడవినుండి 2019లో వచ్చినది" అని చెప్పెను.

"పాలు ఎట్లు త్రాగించిరి?" అని బాలిక వెంటనే అడిగెను.

కాపలాదారు నవ్వెను. "ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట తేలిక కాదమ్మా. చాల గున్నలు త్రాగకనే చచ్చిపోవును. త్రాగినవియు కొన్ని అరుగక చచ్చిపోవును. 2023లో ధర్మపురి జిల్లాలో బావిలో పడిన గున్న నొకదానిని పైకి తీసిరి. తల్లి మంద దానిని చేర్చుకొనలేదు. ఇచ్చటికి తెచ్చి బొమ్మన్ చేతికే ఇచ్చిరి. ఆస్కారు వచ్చిన నెలలోనే అది వచ్చినది. ఆ నెల కడపటి దినముననే పోయినది. ఎంత చేసినను కడుపు నిలువలేదు."

ఏనుగు గున్న సంగతి దూడవంటిది కాదు. తల్లి కడుపులో అది ఇరువది మాసములకు పైగా పెరుగును. పుట్టునప్పటికే సుమారు నూరు కిలోల బరువుండును. అయినను నిస్సహాయమైన పసిబిడ్డయే. తొండము ఎట్లు వాడవలెనో దానికి తెలియదు. కాలికి చుట్టుకొని తానే తొట్రుపడును. పాలు త్రాగునప్పుడు తొండమును పైకి మడచి నోటితోనే కుడుచును. తల్లి పొదుగు వెనుకకాళ్ల నడుమ గాక ముందుకాళ్ల నడుమ నుండును. మొదటి రెండేండ్లు పాలు లేనిదే గున్న బ్రతుకుట కష్టము. మందలో తల్లి యొక్కతెయే గాక, పెద్దమ్మలు, పినతల్లులు, అక్కలు అందరును దానిని కాచుదురు. నడుచునప్పుడు నడుమ నుంచుకొందురు. ఎండలో తమ నీడ నిత్తురు. బురదలో దిగబడినచో లాగుదురు. కావున తల్లి పోయిన గున్న పోగొట్టుకొనునది పాలు మాత్రమే కాదు, ఇల్లంతయు.

అందుచేతనే గున్న యొంటరిగా కనబడినప్పుడు అటవీశాఖవారు దానిని వెంటనే శిబిరమునకు తేరు. మొదట దాని మంద ఎచ్చట నున్నదో వెదకుదురు. 2023 డిసెంబరు చివర ఆనమలై అడవిలో తప్పిపోయిన ఒక గున్నను ఆ విధముగనే తల్లి కడకు చేర్చిరి. తరువాత అది తల్లి ప్రక్కను ఒత్తుకొని నిద్రించుచున్న ఛాయాచిత్రమును దేశమంతయు చూచి సంతసించెను. మంద దొరకనప్పుడు, దొరకినను చేర్చుకొననప్పుడు మాత్రమే మనుష్యుడు తల్లి పని చేపట్టవలెను.

"తల్లులు ఇంతగా ఎందుకు చచ్చుచున్నవి?" అని మాస్టారు అడిగిరి.

కాపలాదారు కొంత తడవు మాటలాడలేదు. "అయ్యవారూ, నేనును రైతు బిడ్డనే. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో ఏనుగుల పాలగును. అడవిపందులు మిగిలినది త్రవ్విపోసిపోవును. మా బంధువు ఒకడు పందులు రాకుండ చేని చుట్టు తీగ కట్టి దానికి కరెంటు తగిలించెను. పంది రాలేదు. ఏనుగు వచ్చినది. తెల్లవారి చూచి అతడు చేని గట్టున కూలబడి ఏడ్చెను. ఏనుగును చంపవలెనని అతడు తీగ కట్టలేదు. అయినను చచ్చినది చచ్చినదే గదా!"

అతడు చెప్పిన సంగతి అరుదైనది కాదు. 2023 మార్చి 7న ధర్మపురి జిల్లా మారండహళ్లి వద్ద ఒక చేని తీగ తగిలి మూడు ఆడయేనుగులు ఒక్కమారుగా ప్రాణములు విడిచెను. వాని రెండు పిల్లలు ఆ కళేబరముల చుట్టు తిరుగుచు కనబడెను. ఆంధ్రదేశమును ఈ దుఃఖమునకు దూరము కాదు. చిత్తూరు సీమలో రెండు వందల ఏండ్లుగా లేని ఏనుగులు 1980ల తరువాత పొరుగు రాష్ట్రముల అడవులనుండి తరలివచ్చెను. వాని కొరకే 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. ఉత్తరమున ఒడిశానుండి వచ్చిన ఏనుగులు పార్వతీపురము మన్యములో తిరుగుచున్నవి. 2023 మే నెలలో ఆ జిల్లాలోని భామిని మండలము కాట్రగడ వద్ద ఆరింటిలో నాలుగు విద్యుత్తు తగిలి చనిపోయెను. ఏనుగుల చేత ప్రాణములు కోల్పోయిన రైతులును ఆ సీమలలో ఉన్నారు. చేలమీదికి వచ్చు ఏనుగులను హాని లేకుండ అడవికి మరల్చుటకై శిక్షణ పొందిన ఏనుగులను కుమ్కీలందురు. 2025 మే నెలలో కర్ణాటకము అట్టి నాలుగింటిని ఆంధ్రప్రదేశమునకు ఇచ్చెను. వానిని పలమనేరు వద్ద శిబిరములో నుంచిరి.

మాస్టారు నదివంక చూచుచు, "అమ్మాయీ! నీవు గజేంద్రుని కథ అడిగితివి. ఆ కథలో పట్టుకొన్నది మకరి, కాచినవాడు విష్ణువు. ఈ కథలో పట్టుకొన్నవాడును మనుష్యుడే, కాచవలసినవాడును మనుష్యుడే" అనిరి.

ఆ రాత్రి వారు మసినగుడి గ్రామములో బస చేసిరి. బాలికకు నిద్ర రాలేదు. పాలు త్రాగించు విద్య తెలియలేదని ఆమె మరల అడిగెను. మాస్టారు తాము చదివిన మరియొక దేశపు సంగతి చెప్పిరి.

ఆఫ్రికాలోని కెన్యా దేశమున డాఫ్నీ షెల్డ్రిక్ అను మహిళ యుండెను. ఆమె భర్త అచ్చట సావో అభయారణ్యమునకు అధికారిగా నుండెను. దంతముల కొరకు వేటగాండ్రు ఏనుగులను చంపుచుండగా, మిగిలిన గున్నలను ఆమె కడకు తెచ్చెడివారు. ఆవుపాలలోని క్రొవ్వు ఏనుగు గున్నల కడుపున ఇమడదు. ఏండ్ల తరబడి ఆమె ఎన్నో మిశ్రమములు కలిపి చూచెను. ఎన్నో గున్నలు ఆమె చేతులలోనే ప్రాణము విడిచెను. తుదకు ఏనుగుపాలలోని క్రొవ్వునకు దగ్గరగా నుండునది కొబ్బరినూనె యని ఆమె కనుగొనెను. కొబ్బరినూనె చేర్చిన పాలతో పసిగున్నలు బ్రతుకజొచ్చెను.

"కొబ్బరినూనెయా!" అని బాలిక లేచి కూర్చుండెను. రాజోలు పిల్లకు అంతకంటె ఎరుకైన వస్తువు లేదు. ఇంటి వెనుక దింపు తీసిన కాయలు రాశిగా నుండును. ఒలిచిన కాయలు అంబాజీపేట అంగడికి పోవును. సముద్రమునకు ఆవల, ఎన్నడును చూడని దేశములో, తల్లిలేని ఏనుగు బిడ్డలకు ప్రాణము పోసినది తన పెరటి చెట్టు కాయలోనిదే యని వినగా ఆమెకు కలిగిన ఆనందము ఇంతంత కాదు.

"కథ ఇంతతో కాలేదు, తల్లీ" అని మాస్టారు కొనసాగించిరి. "ఆ మిశ్రమముతో మొదట చక్కగా పెరిగిన గున్న పేరు ఐషా. దానికి ఆరు మాసములు వచ్చువరకు డాఫ్నీ దానిని విడువలేదు. పగలు రాత్రి ఆమెయే తల్లి. అంతలో కుమార్తె పెండ్లి వచ్చి ఆమె కొన్ని దినములు వేరొక చోటికి పోవలసి వచ్చెను. పాలు అవియే, పాక అదియే. పట్టు చేయి మాత్రము వేరు. ఐషా తినుట మానెను. ఆమె తిరిగివచ్చిన కొలది సేపటికే అది చనిపోయెను."

బాలిక మాటలాడలేదు.

"డాఫ్నీ దుఃఖించి ఊరకుండలేదు, ఆలోచించెను. తన ప్రేమలో లోపము లేదు. కాని అదంతయు ఒక్కచోటనే పోగైనది. మందలో గున్నకు పదిమంది తల్లులుందురు. ఆమె దానికి ఒక్క తల్లిని మాత్రమే ఇచ్చెను. భర్త పోయిన 1977లో ఆమె నైరోబీలో సంస్థ నొకదానిని స్థాపించెను. అచ్చట గున్నలకు సంరక్షకులు పలువురు. మూడేసి గంటలకు ఒకమారు పాలు పట్టుదురు. రాత్రులు పాకలో గున్నల ప్రక్కనే పరుండుదురు. కాని ఒక గున్న ఒక్కనికే అలవాటు పడకుండ మారుచుందురు. పాలు త్రాగునప్పుడు గున్న తొండమును ఆనించుకొనుటకు కంబళిని వ్రేలాడదీయుదురు. అది తల్లి కడుపు ప్రక్కవలె తోచును. ఎదిగిన పిమ్మట సావో అడవికి కొనిపోయి, అడవి మందలలో మెల్లగా కలియనిత్తురు. అట్లు కలిసిన ఆడయేనుగులు కొన్ని ఏండ్ల తరువాత తాము కనిన పిల్లలతో వచ్చి, తమ్ము పెంచినవారికి చూపి మరలిపోయినవి. ఆమె 2018లో చనిపోవునాటికి ఆ పని ప్రపంచమంతటికిని పాఠమయ్యెను."

సింహళములోను ఈ పాఠమే కనబడును. 1975లో నెలకొల్పిన పిన్నవల అనాథ గజశాలలో ఏనుగులు మనుష్యుల నడుమనే జీవించును. 1995లో ఉడవలవే వద్ద మరియొక శాల వెలసెను. అచ్చట గున్నలకు పాలు పోయుదురు గాని చేరదీసి ముద్దు చేయరు. చూడవచ్చినవారు దూరముననే నిలువవలెను. సుమారు ఐదేండ్లు వచ్చిన తరువాత వానిని గుంపుగా అడవిలో విడుతురు. అచ్చటినుండి అడవి చేరిన గున్నలు నూటికి మించియున్నవి. తెప్పకాడులో పెరిగిన గున్నలు చాలవరకు శిబిరముననే యుండిపోవును. అయినను అచ్చటను విడువవలసిన వేళ వచ్చును. రఘు ఎదిగిన పిమ్మట అటవీశాఖవారు దానిని వేరొక మావటికి అప్పగించిరి. తన కుమార్తెను పోగొట్టుకొనిన బెల్లి, కన్నబిడ్డవలె పెంచిన గున్నను విడువవలసి వచ్చి ఎంత దుఃఖించెనో ఆ చిత్రము చూచినవారు మరువరు. తరువాత 2023 ఆగస్టులో ప్రభుత్వమువారు ఆమెనే గున్నల సంరక్షకురాలిగా ఉద్యోగమున నియమించిరి. ఆ రాష్ట్రమున ఆ పనిలో చేరిన మొదటి స్త్రీ ఆమెయే.

మరునాటి ప్రాతఃకాలమున వారు మరల నదీతీరమునకు పోయిరి. రాత్రి అడవిలో మేయ విడిచిన ఏనుగులను మావటివారు తోడ్కొని వచ్చుచుండిరి. ఏ ఏనుగు ఏ దిక్కుగా పోయినదో అడుగుజాడలనుబట్టి వారు పోల్చుకొందురు. ఈ పనివారు కాట్టునాయకర్, కురుంబ, మలసర్ మున్నగు గిరిజన తెగలవారు. తాత మావటి, తండ్రి మావటి, కొడుకు మావటి. అడవిని చదువుట వారి యింటి చదువు. ఏనుగులు నీటిలో ప్రక్కవాటుగా పరుండగా వారు రాతితో రుద్ది రుద్ది స్నానము చేయించిరి. ఒక పడుచు ఏనుగు తొండముతో నీరు చిమ్మి మావటి తలపాగాను తడిపివేసెను. అతడు కోపగించినట్లు నటించి దాని చెవి మెలిపెట్టెను. బాలిక ఆ ప్రయాణములో మొదటిమారు నవ్వెను.

మసినగుడికి తిరిగివచ్చునప్పటికి ఇంటినుండి ఫోను వచ్చెను. తల్లి గొంతులో ఉత్సాహము వినబడెను.

"మామయ్యగారూ! దూడ త్రాగినది. రాత్రి నాకొక ఆలోచన తోచినది. అమ్మాయి విడిచిన ఓణీ ఒకటి ఉతుకక దండెముమీద నుండెను. దానిని భుజమున కప్పుకొని సీసా పట్టితిని. వాసన చూచి చూచి, సగము త్రాగినది. తెల్లవారి మిగిలిన సగము త్రాగినది."

మాస్టారు ఫోనును మనుమరాలికి ఇచ్చిరి. ఆమె తల్లి మాట విని చాల సేపు ఊరకుండెను. తాను లేకున్నను దూడ త్రాగినది. అది వినుటకు ఆమె రెండు దినములుగా దేవుళ్లకు మ్రొక్కుచుండెను. అయినను వినినప్పుడు సంతోషముతోపాటు ఏదో చిన్న ముల్లు గ్రుచ్చుకొన్నట్లయ్యెను. ఆ ముల్లును ఆమె ఎవ్వరికిని చెప్పలేదు. కొంత తడవునకు, "అమ్మా! రేపు అన్నయ్యను పట్టుమనుము. ఎల్లుండి నాన్నను పట్టుమనుము" అనెను.

ఇల్లు చేరిన తరువాత బాలిక పాకలోనికి పరుగెత్తెను. దూడ అరచి ఆమె చేయి నాకెను. కాని నాటినుండి ఆమె ఒక్కతెయే సీసా పట్టుట మానెను. ఇంటివారు వంతులవారీగా పట్టిరి. ఓణీ ఒకరి భుజమునుండి మరియొకరి భుజమునకు మారెను. పది దినములకు ఓణీతో పని లేకపోయెను. దూడ పచ్చగడ్డి కొరుక నేర్చెను. తౌడు కలిపిన కుడితి త్రాగ నేర్చెను. దీపావళి వెళ్లిన పిమ్మట బాలిక తానే తండ్రిని పిలిచి, "నాన్నా! మామయ్య మందకు తోలుకొని పోవుదము" అనెను. తండ్రి ఆశ్చర్యపడి మాస్టారివంక చూచెను. మాస్టారు దండెముమీది కండువా తీసికొని తానును బయలుదేరిరి.

లంకలో మొదటి సాయంకాలము దూడ మందలో నిలువలేదు. ఒక గేదె కొమ్ము విసరెను. మరియొకటి వాసన చూచి విడిచెను. దూడ గట్టుమీదికి వచ్చి బాలికవంక చూచి అరచెను. ఆమె చెట్టు చాటున నిలిచి, పెదవి కరచుకొని, కదలలేదు. చీకటి పడినప్పుడు దూడ మరల గేదెల నడుమకు పోయి, ముసలి గేదె యొకదాని ప్రక్కను పరుండెను. ఆ గేదె దానిని త్రోయలేదు.

సంక్రాంతి సెలవులలో బాలిక తాతగారితో కలిసి లంకకు పోయెను. దూడ ఒడ్డున మేయుచుండెను. ఒళ్లు నునుపుదేలి, ఎత్తు పెరిగి యుండెను. ఆమె పిలువగా తల ఎత్తెను. పరుగున వచ్చి అరచేయి వాసన చూచి, కొంత సేపు ఆమె ప్రక్కను నిలిచెను. అంతలో ముసలి గేదె నీటిలోనికి దిగుచు అరచెను. దూడ చెవులు రిక్కించి, తిరిగి చూడక, దాని వెంట పోయి నీటిలో దిగెను.

బాలిక కన్నులు తుడుచుకొనెను. మాస్టారు ఏమియు అనలేదు.

గట్టు వెంబడి ఇంటికి వచ్చుచుండగా ఆమెయే మాటలాడెను. "తాతయ్యా! తల్లిని పోగొట్టుకొనిన గున్న ఏమగునని నేను అడిగితిని గదా! ఎవరైన పాలు పోసినచో బ్రతుకును. కాని మందలో చోటు దొరకువరకు పాలు పోసినవారి పని తీరదు."

మాస్టారు ఆమె భుజముమీద చేయి వేసిరి. కాలువ అవతల కొబ్బరితోటలో దింపు జరుగుచుండెను. కాయలు దబదబ రాలుచున్న చప్పుడు వినుచు వారిద్దరును ఇంటిదారి పట్టిరి.